చేప పురుటికి సెలవుంది... మరి మనిషి పురుటికో?

*ఏటా రెండు నెలలు సముద్రానికి విరామం ఇస్తున్న ప్రభుత్వాలు, ఆ సముద్రాన్ని నమ్ముకున్న ఇంటికి ఏమిస్తున్నాయి? ఉద్యోగాన్నీ సంసారాన్నీ కలిపి చూడాలనే విధానాలు భావనపాడు దాకా వచ్చేసరికి ఎక్కడ ఆగిపోతున్నాయి? ఈ వారం ముఖచిత్ర కథనం.*

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లు, మోటారు బోట్లు కదలకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక 61 రోజులు వేట బంద్. తల్లి చేప వలకి చిక్కకుండా సంతానాన్ని పెంచుకోవాలి, రేపటికి సంపద మిగలాలి. బాగానే ఉంది. బోటు కదలకపోతే దాని మీద పనిచేసే కలాసీ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్న ప్రశ్నకీ ప్రభుత్వం జవాబు వెతికింది. ఒకప్పుడు 4,000 రూపాయలున్న వేట నిషేధ భృతి 2019లో 10,000 అయింది. 2025 ఏప్రిల్ 26న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెం వచ్చి, 'మత్స్యకార సేవలో' పేరిట దాన్ని 20,000 చేశారు. రాష్ట్రవ్యాప్తంగా లక్షా 29 వేల కుటుంబాలకి ఆ డబ్బు అందింది. 61 రోజులకి పంచితే రోజుకి 328 రూపాయలు.

చేప పురుడు పోసుకోవడానికి చట్టం ఉంది, తేదీలున్నాయి, ఆ రోజులకి ఇంటికింతని లెక్క ఉంది. అదే ఇంట్లో ఆడమనిషికి నెలలు నిండితే? భర్త గుజరాత్ బోటు మీదుంటే అతనికి ఒక్క రోజు సెలవు ఇమ్మనే చట్టం దేశంలో లేదు. ఆమె ఎండు చేపల పని చేసుకునేదైతే 26 వారాల ప్రసూతి సెలవు గురించి వినడమే తప్ప అందుకోవడం లేదు. ఉద్యోగం, కుటుంబం రెండూ చక్కబెట్టుకోవాలని మన దగ్గర రాసుకున్న విధానాలన్నీ ఆఫీసు గేటు ఉన్నచోట మొదలవుతాయి. గేటు లేని ఊళ్లో పని ఎలా ఉంటుందో, ఇల్లు ఎలా నడుస్తుందో చూస్తే ఆ విధానాల్లోని ఖాళీలు బయటపడతాయి.

ఇల్లు ఇక్కడ, పని అక్కడ

భావనపాడు శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని తీర గ్రామం. చుట్టుపక్కల నౌపడ ఉప్పు మడులు, ఆపైన టెక్కలి. జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. అంత తీరం ఉండీ, పెద్ద బోట్లు ధీమాగా నిలుపుకునే హార్బరు కోసం ఇక్కడి మత్స్యకారులు దశాబ్దాలుగా ఎదురు చూస్తూనే ఉన్నారు. తీరం దగ్గర చిన్న బోటుతో దొరికేది రోజు గడవడానికే సరిపోదు. అందుకే మగవాళ్లు వలస పోతారు. వీరావల్, మంగుళూరు, చెన్నై, పారాదీప్... ఎక్కడ పెద్ద బోటుంటే అక్కడికి. భావనపాడు నుంచి ఎచ్చెర్ల దాకా, ఆ కింద విజయనగరం జిల్లా పూసపాటిరేగ, భోగాపురం తీరాల్లోనూ ఇదే వరస. ఏ వాకిట్లో నిలబడి "ఇంటాయన ఏడమ్మా?" అనడిగినా, "గుజరాత్ ఎల్లిపోనాడు బాబూ" అన్న జవాబుకి ఎవరూ ఆశ్చర్యపోరు.

ఈ వలసకి ఒక కట్టుబాటుంది. బోటు యజమాని తరఫున తండేలు, అంటే బోటు నడిపే పెద్ద, మనుషుల్ని కుదురుస్తాడు. సీజనుకి ముందే అడ్వాన్సు చేతిలో పడుతుంది. ఆ డబ్బుతో పాత అప్పు తీరుతుంది, పిల్లల పుస్తకాలొస్తాయి, ఇంటి కప్పు బాగవుతుంది. కలాసీ రైలెక్కేసరికే అడ్వాన్సులో చాలా భాగం ఖర్చయిపోయి ఉంటుంది. ఇక మధ్యలో ఇంటికి రావాలంటే చార్జీలు ఒక్కటే సమస్య కాదు. తీసుకున్న డబ్బుకి లెక్క చెప్పాలి. భార్యకి నొప్పులొస్తున్నాయనో, తండ్రికి బాగోలేదనో ఫోనొచ్చే వేళకి అతను తీరంలో ఉండొచ్చు, లేదా పది రోజుల దూరంలో నడిసముద్రంలో ఉండొచ్చు.

ఇంకో చిక్కుంది. తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ మధ్యలో మొదలైతే, పడమటి తీరంలో జూన్ 1న మొదలవుతుంది. వీరావల్ వెళ్లినతను ఇంటికి చేరే వేళకి ఊళ్లో బోట్లున్నవాళ్లు మళ్లీ సముద్రం మీదికి సిద్ధమవుతుంటారు. ఒకే వీధిలో రెండు క్యాలెండర్లు నడుస్తాయి. ఇక్కడి భృతి ఇక్కడ రిజిస్టరైన బోట్లనీ, వాటి మీద పనిచేసేవారినీ గుర్తించి ఇచ్చేది. గుజరాత్ బోటు మీద తొమ్మిది నెలలు గడిపినవాడికి ఆ జాబితాలో చోటు దొరకదు. ఇంటికి అందరికన్నా దూరంగా బతికేవాడే సాయానికీ దూరమవుతున్నాడు.

ఆ దూరం ఎంత ప్రమాదమో రెండు సంఘటనలు చెబుతాయి. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్ చేతికి చిక్కారు. 2020 జనవరి 6న వాఘా సరిహద్దులో 20 మంది ఇవతలికి వచ్చేదాకా ఆ ఇళ్లన్నీ ఆడవాళ్లే నడిపారు. 2025లో వచ్చిన 'తండేల్' సినిమాతో ఆ కథ అందరికీ తెలిసింది. సినిమా ఆగిన చోట జీవితం ఆగలేదు. వాళ్లు తిరిగొచ్చి మూడు నెలలు కాకముందే లాక్‌డౌన్ వచ్చింది. వీరావల్ రేవులో బోట్ల మీదే చిక్కుకుపోయిన నాలుగు వేల మందికి పైగా ఆంధ్ర మత్స్యకారుల్ని ఏప్రిల్ చివర్లో బస్సుల్లో ఇళ్లకి చేర్చారు.

ఒకే నీళ్లు, రెండు చట్టాలు

ఇదే జిల్లా నుంచి సరుకు ఓడల్లో సీమెన్‌గా వెళ్లే కుర్రాళ్లూ ఉన్నారు. ఓడ మీద పని కూడా ఇంటికి దూరమే. కానీ సీమన్ ఓడెక్కే ముందు రాతపూర్వక ఒప్పందం మీద సంతకం పెడతాడు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో చేసిన నావికుల ఒడంబడికని భారత్ 2015లో ఆమోదించింది. దాని ప్రకారం పనిచేసిన ప్రతి నెలకీ కనీసం రెండున్నర రోజుల జీతంతో కూడిన సెలవు జమవుతుంది. ఒప్పందం ముగిస్తే ఇంటికి చేర్చే ఖర్చు ఓడ యజమానిదే.

చేపల బోటు మీద పనిచేసేవారికీ అలాంటి ఒడంబడిక ఉంది. 2007లో అదే సంస్థ తెచ్చిన 188వ ఒడంబడిక. ప్రతి కలాసీకీ రాతపూర్వక ఒప్పందం ఉండాలి, బోటు మీద ఎవరెవరున్నారో జాబితా ఒడ్డున ఉండాలి, మూడు రోజులకి మించి సముద్రం మీదుండే బోట్లలో 24 గంటలకి కనీసం పది గంటల విశ్రాంతి ఇవ్వాలి అంటుందది. భారత్ దాన్ని ఇంకా ఆమోదించలేదు. ఇద్దరూ అదే నీళ్ల మీద, అదే గాలివానల్లో పనిచేస్తున్నారు. ఒకరికి సెలవు హక్కు, ఇంకొకరికి తండేలు దయ.

వలస కార్మికుల చట్టమైనా ఆదుకుంటుందా అంటే, అక్కడ ఒక అంకె అడ్డొస్తుంది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం అయిదుగురుంటే వర్తించేది. దాని స్థానంలో వచ్చి 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వృత్తి భద్రతా కోడ్‌లో ఆ హద్దు పదికి పెరిగింది. కోడ్‌లో మంచి మాట ఒకటుంది. వలస కార్మికుడు ఏడాదికోసారి సొంతూరు వెళ్లి రావడానికి అయ్యే చార్జీ యజమానే ఇవ్వాలి. దేశంలో కార్మికుడి కుటుంబాన్ని గుర్తుంచుకుని రాసిన అరుదైన నిబంధనల్లో ఇదొకటి. కానీ వీరావల్ ట్రాలర్ మీద ఉండేది ఏడెనిమిది మంది. ఒకే బోటున్న యజమాని దగ్గర పనిచేసేవాడు ఆ పది గీతకి ఇవతలే ఉండిపోతాడు.

ఇక తండ్రి సెలవు. కేంద్ర ప్రభుత్వోద్యోగికి బిడ్డ పుడితే 15 రోజులు దొరుకుతుంది. ప్రైవేటు రంగంలో తండ్రికి సెలవివ్వాలని చట్టం లేదు. కొత్త కార్మిక కోడ్‌లలోనూ ఆ ఊసు లేదు.

ఎండు చేపల పక్కన ఉయ్యాల

మగవాళ్లు వెళ్లిపోయాక ఊరు ఖాళీగా ఏమీ ఉండదు. ఇంకా తెల్లవారకముందే ఒడ్డుకి చేరిన చిన్న బోట్ల దగ్గర గంపలతో ఆడవాళ్లు నిలబడతారు. వేలంలో పాడుకుని, తాజా చేప టెక్కలి వైపు అమ్మకానికి, మిగిలింది ఎండబెట్టడానికి. నెత్తళ్లు, కవళ్లు, సావళ్లు ఇసక మీద పరుస్తారు. పరిచి ఊరుకుంటే కుదరదు. పొద్దెక్కేకొద్దీ తిరగేస్తుండాలి. కాకులు, కుక్కలు రాకుండా కాపలా కాయాలి. మబ్బు పట్టిందంటే బేగి పోగెయ్యాలి, ఒక్క జల్లు పడినా సరుకు పాడే. ఆ ఎండలో పాలు తాగే బిడ్డని ఎక్కడుంచాలి? ఒడ్డుకి లాగిన బోటు నీడలో పాత చీరతో కట్టిన ఉయ్యాల, లేదా ముసలమ్మ ఒడి. ఆ రెండూ లేకపోతే పెద్ద గుంట బడి మానేస్తుంది.

2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం తెచ్చిన, ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో ఉన్న నిబంధన ప్రకారం 50 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలోనూ శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చు. ఇసక మీద చేపలు ఆరబోసేవాళ్లు యాభై కాదు వందమంది ఉన్నా, వాళ్లకి ఉమ్మడి యజమాని లేడు. ప్రసూతి సెలవు అడగాలంటే ప్రసవానికి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసినట్టు ఉండాలి. ఆమె అంతకు నాలుగింతలు పనిచేసి ఉంటుంది. ఆ రోజుల్ని రాసిపెట్టుకునే రిజిస్టరే లేదు.

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. 1975లో మొదలైన ఈ వ్యవస్థ లేకపోతే తీరప్రాంతపు పిల్లల గతి ఇంకోలా ఉండేది. గుడ్డు, పాలు, మధ్యాహ్నం అన్నం అక్కడే. కానీ రోజంతా కూర్చోబెట్టి ఆటపాటలు చెప్పేది మూడేళ్లు నిండినవాళ్లకే. అంతకన్నా చిన్నబిడ్డకి ఇంటికి సరుకులిస్తారు. ఆర్నెల్ల నుంచి మూడేళ్ల వరకు, బిడ్డని ఒక్క క్షణం ఒగ్గీయలేని వయసులో, తల్లి చేతులు ఖాళీ అయ్యే మార్గం లేదు. పైగా అంగన్‌వాడీ తలుపులు ఉదయం తొమ్మిదికి తెరుస్తారు. వేలంపాట అప్పటికి ముగిసి చాలాసేపవుతుంది.

మన దగ్గర ఆలోచన లేదని కాదు. కేంద్రం 2022లో 'మిషన్ శక్తి'లో భాగంగా తెచ్చిన 'పాల్నా' పథకం కింద ఎంపిక చేసిన అంగన్‌వాడీలని శిశు సంరక్షణ కేంద్రాలుగా మార్చాలి. దేశం మొత్తానికి లక్ష్యం 17,000. నెలకి 26 రోజులు, రోజుకి ఏడున్నర గంటలు నడవాలి, ఆర్నెల్ల బిడ్డ దగ్గర్నుంచి తీసుకోవాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పని స్థలంలో ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు చేరితే, వాళ్లని చూసుకోవడానికి ఒకామెని పెట్టి ఆమెకీ కూలి ఇవ్వాలంది. ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు 125 రోజుల పని అంటూ కొత్త చట్టం తెచ్చింది. కర్ణాటక అయితే ఉపాధి కూలీల బిడ్డల కోసమే 2023లో 'కూసిన మనె' పేరుతో గ్రామ పంచాయతీల్లో నాలుగు వేల కేంద్రాలకి పూనుకుంది. అక్కడ కుదిరింది ఇక్కడి చేపల రేవులో కుదరదనడానికి కారణం కనిపించదు. కావలసింది వేళలు మార్చడం. సూర్యుడితో పాటు తెరిచి, ఎండు చేపలు పోగేసేదాకా ఉండే ఒక గది, ఇద్దరు ఆయాలు.

ఆ గదిలో పనిచేసేవాళ్ల సంగతీ చూడాలి. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు రాష్ట్రంలో అంగన్‌వాడీ కార్యకర్తలు సమ్మె చేశారు. ఎస్మా ప్రయోగించినా కదల్లేదు. జీతం, గ్రాట్యుటీ వాళ్ల ప్రధాన డిమాండ్లు. ఊరందరి పిల్లల్ని సాకేవాళ్లకి తమ పిల్లల్ని సాకే ఆదాయం కావాలనడం పెద్ద కోరికేం కాదు.

పురుటి డబ్బు ఎవరికెంత?

నెలకి 20,000 జీతమున్న ప్రైవేటు ఉద్యోగినికి 26 వారాల సెలవంటే దాదాపు లక్షా 20 వేల రూపాయలు. ఎండు చేపల పని చేసే తల్లికి ఉన్నది ప్రధానమంత్రి మాతృ వందన యోజన. తొలి కాన్పుకి 5,000. రెండోసారి ఆడపిల్ల పుడితే 6,000. మగపిల్లాడైతే ఏమీ లేదు. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం గర్భిణులకీ బాలింతలకీ 6,000కి తగ్గకుండా ఇవ్వాలని రాసింది. ఎన్నో కాన్పన్న షరతు ఆ వాక్యంలో లేదు, పథకంలో వచ్చి చేరింది.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. చేప పురుటికి ఇంటికి 20,000, మనిషి పురుటికి 5,000. భృతి తగ్గించమని ఎవరూ అనరు. ఆదాయం ఆగిన రోజులకి ఆసరా ఇవ్వాలన్న సూత్రాన్ని ప్రభుత్వం ఒకచోట ఒప్పుకుంది. అదే సూత్రం బాలింతకి ఎందుకు వర్తించదన్నదే ప్రశ్న. తమిళనాడు ముత్తులక్ష్మీరెడ్డి పేరిట 1987 నుంచి నడుపుతున్న ప్రసూతి పథకంలో 2018 నుంచి 18,000 రూపాయల సాయం ఇస్తోంది. పేద రాష్ట్రం చేయలేనిదేం కాదది.

మన రాష్ట్రం ఈ దిశగా కదలలేదనలేం. ప్రభుత్వోద్యోగినుల ప్రసూతి సెలవుకి ఇద్దరు పిల్లల పరిమితిని 2025లో ఎత్తేసింది. 2025 మార్చిలో ఆశా కార్యకర్తలకి తొలి రెండు కాన్పులకి 180 రోజుల వేతనంతో కూడిన సెలవు ప్రకటించింది. రాష్ట్రంలో దాదాపు 42 వేల మందికి అది వర్తిస్తుంది. అప్పటిదాకా ఊళ్లో అందరి పురుళ్లకీ ఆస్పత్రికి తోడెళ్లిన మనిషికి తన పురుటికి సెలవు లేదు. ఇది చిన్న మార్పు కాదు. ఎందుకంటే 'కార్యకర్త' అని పిలిచి పారితోషికం ఇచ్చే మనిషికీ కుటుంబం ఉందని ఒప్పుకోవడం అందులో ఉంది. ఆ చూపు ఇంకో అడుగు కిందికి, యజమాని లేని పనుల వైపు రావాలి.

సంరక్షణ అంటే పసిబిడ్డలదే కాదు. పక్కనే కిడ్నీ జబ్బులు పీడిస్తున్న ఉద్దానంలో డయాలసిస్ మీద బతుకుతున్నవారున్న ఇంట్లో ఒకరి పని పోయినట్టే. వారానికి రెండు మూడుసార్లు తోడెళ్లాలి. రాష్ట్రం డయాలసిస్ రోగులకి నెలకి 10,000, మంచం దిగలేనివారికి 15,000 పింఛను ఇస్తోంది. రోగి పేరున వచ్చే ఆ డబ్బు వాస్తవానికి ఇంట్లో కూలి మానుకుని సేవ చేసే ఆడమనిషి కష్టానికి కొంత బదులు. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి ఉచిత బస్సుని కూడా ఈ లెక్కలోనే చూడొచ్చు. ఆస్పత్రికో సంతకో వెళ్లే ఆమెకి చార్జీ మిగులుతుంది. ఆటో నిండేదాకా ఎదురుచూసే వేళ కలిసొస్తుంది.

పనే ఇంటికి దగ్గరైతే

2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి మహిళలకి ఇంటి నుంచి పని అవకాశాలు పెద్దఎత్తున కల్పిస్తామన్నారు. ఐటీ చదివిన అమ్మాయికి అది వరమే. భావనపాడులో ఇంటి నుంచి పని అంటే వేరు. సముద్రం వాకిట్లోనే ఉంది, బోటు నిలిపే చోటే లేదు. బుడగట్లపాలెం ఫిషింగ్ హార్బరుకి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. దాన్ని చేపల ఉత్పత్తి లెక్కల్లోనే కాకుండా, వీరావల్ రైలెక్కకుండా ఎంతమంది తండ్రులు ఆగారన్న లెక్కలోనూ చూడాలి. మంచుగడ్డల ఫ్యాక్టరీ, చేపలు ఆరబెట్టడానికి సిమెంటు దిమ్మెలు, పక్కనే పిల్లల గది ఉన్న హార్బరు ఏ సెలవుల చట్టమూ ఇవ్వలేనిది ఇస్తుంది. సాయంత్రానికి తండ్రి ఇంట్లో ఉంటాడు.

బుడగట్లపాలెం హార్బరుకి శంకుస్థాపన జరిగిన రోజే, భావనపాడు పేరుతో మొదలై మూలపేటగా మారిన పోర్టుకీ పునాది రాయి పడింది. అంచనా 4,361 కోట్లు, నాలుగు బెర్తులు, ఏటా రెండు కోట్ల 35 లక్షల టన్నుల సామర్థ్యం. మూలపేట, విష్ణుచక్రం గ్రామాల వాళ్లు ఇళ్లూ భూములూ వదులుకున్నారు. ఈ తీరానికి తొలిసారి పెద్ద గేటున్న యజమాని వస్తున్నాడు. కనుక చట్టాలు ఇక్కడ పనిచేయవన్న సాకు కూడా ఇక చెల్లదు.

పోర్టు పనులు ఎక్కువగా కాంట్రాక్టర్ల చేతుల మీదుగా సాగుతాయి. పదిమందిని ఒకరు, ఇరవైమందిని ఇంకొకరు పెట్టుకుంటే, శిశు సంరక్షణ కేంద్రానికి కావలసిన 50 మంది ఎప్పటికీ ఒకచోట లెక్కకి రారు. జిల్లా కార్మిక శాఖ, మారిటైమ్ బోర్డు ఇప్పుడే తేల్చాల్సింది ఇది. గేటు లోపల పనిచేసే వాళ్లందర్నీ ఒకే లెక్కలోకి తెచ్చి, కేంద్రం తలుపులు పక్క ఊళ్లలో ఎండు చేపల పని చేసే తల్లులకీ తెరవాలి. పోర్టు నుంచి ప్రభుత్వానికి వచ్చే ఆదాయంలో కొంత దీనికి కేటాయించడం భారమేం కాదు.

వలస వెళ్లేవారి విషయంలో మత్స్యశాఖ చేయగలిగింది కూడా ఉంది. జూలైలో అడ్వాన్సులు చేతులు మారే వేళ ఊళ్లోనే శిబిరం పెట్టి, ఎవరు ఏ బోటుకి, ఎంత డబ్బుకి, ఎన్ని నెలలకి వెళ్తున్నారో రాసుకోవచ్చు. గుజరాత్‌తో మాట్లాడి ఒకే ఒప్పంద పత్రం, ఇంట్లో పురుడో చావో వస్తే అడ్వాన్సు తిరిగి కట్టమనకుండా వెళ్లి రానిచ్చే సెలవు, దారి ఖర్చు అందులో చేర్చవచ్చు. ఆ జాబితా ఉంటే రేపు ఏ ఆపద వచ్చినా ఎవరు ఎక్కడున్నారో వెతుక్కునే పని తప్పుతుంది. వేట నిషేధ భృతికి ఇంటింటికీ తిరిగి పేర్లు రాసే యంత్రాంగం మనకి ఇప్పటికే ఉంది. అదే సిబ్బంది, అదే రిజిస్టరు. ఇంకో రెండు గడులు కలిపితే చాలు. ఒకటి వలస వెళ్లినతనికి, ఇంకొకటి ఆ ఏడాది పురుడు రాబోయే ఇంటికి.